సున్నా గడి

సైరన్ మళ్లీ మోగింది. జలపాతం కింద మడుగులో ఈదుతున్నవాళ్లంతా పిల్లల్ని చంకనేసుకుని తడిబట్టలతో గట్టు మీదికి పరుగెత్తారు. ఆకాశంలో మబ్బు తునకైనా లేదు. ఎంతసేపు చూసినా ఏరు ఎప్పట్లాగే పారుతోంది. కార్నివాల్ పండగ ముందు ఆదివారం, బేరాలు ముదిరే వేళ. దుకాణాలవాళ్లు బూతులు అందుకున్నారు.

పర్యాటకుల వ్యవహారం చూసే దోరివాల్ ఆ తిట్లన్నీ మూటగట్టుకొచ్చి మున్సిపల్ ఆఫీసులో జుసారా ముందు దించాడు. సైరన్ని నడిపే ప్రోగ్రాం ఇప్పుడు ఆమె చేతిలో ఉంది.

"ప్రతి ఆదివారం ఇదే గోల. చెరకురసం అమ్మేవాడి దగ్గర్నుంచి మేయర్ దాకా నన్నే పీక్కు తింటున్నారు. దాని నోరు నువ్వు మూయిస్తావా, నన్ను వైరు పీకెయ్యమంటావా తల్లీ?" అన్నాడు.

వైరు పీకితే ఏమవుతుందో జుసారాకి తెలుసు. ఇక్కడ ఎండ కాస్తున్నా పైన కొండల్లో వాన దంచితే, ఏరు ఉన్నట్టుండి గోడలా లేచి వస్తుంది. ఊళ్లోవాళ్లు దాన్ని 'నీటి తల' అంటారు. అది ఎలా ఉంటుందో చూసి చెప్పగలిగినవాళ్లు తక్కువ. పైగా ఈవేళ ఆ మడుగు దగ్గరే ఆమె కూతురు సిసీలియా ఉంది, పిన్ని మార్లెతితో. వైరు ముట్టుకోవద్దని దోరివాల్‌కి గట్టిగా చెప్పి కంప్యూటర్ ముందు కూర్చుంది.

ప్రోగ్రాం లువా అనే కంప్యూటర్ భాషలో ఉంది. ఈ దేశంలోనే పుట్టిన భాష. అయినా పొరుగింటి పుల్లకూరే రుచన్నట్టు అందరూ బయటి భాషలే నేర్చుకుంటారు, జుసారా కూడా అంతే. దీని మొహం చూసింది మొన్ననే. రాసిన పెద్దాయన ఆన్సెల్మో రిటైరై సముద్రం ఒడ్డున డొమినో ఆడుకుంటున్నాడు.

చదవగా చదవగా సంగతి బోధపడింది. ఏటి వెంట నీటిమట్టం కొలిచే పెట్టెలు మూడున్నాయి. కొండ మీద ఊట దగ్గర ఒకటి, మధ్యలో కొయ్యవంతెన దగ్గర ఒకటి, కింద మడుగు దగ్గర ఒకటి. దేంట్లో నీళ్లు ఎర్రగీత దాటినా సైరన్ మోగుతుంది. వంతెన పెట్టె అంకెలు తాగినవాడి నడకలా ఎగిరిపడుతున్నాయి. వంతెన పక్కన కాఫీతోట ఉన్నాయనకి ఫోన్ చేసి చూడమంది. పెట్టె కింద అరటిబోదె ఇరుక్కుందనీ, మోకులతో నలుగురు వస్తేగానీ ఊడదనీ అతను చెప్పాడు.

దొంగ దొరికాడు. వంతెన పెట్టెని ఈ ఒక్కరోజుకి పక్కన పెట్టాలనుకుని, జుసారా జాబితా మళ్లీ రాసింది. ఊట పెట్టెని సున్నా గడిలో, మడుగు పెట్టెని ఒకటో గడిలో పెట్టింది. ఆమెకి వచ్చిన భాషలో లెక్క సున్నాతోనే మొదలు, వేళ్లకి అదే అలవాటు. ప్రోగ్రాం తప్పులేమీ చూపించకుండా నడిచింది. సైరన్ నోరు మూసుకుంది.

దోరివాల్ ఆమె చేతులు కళ్లకద్దుకున్నంత పని చేశాడు. తను ఇంకా సరిచూసుకోవాలనీ, మధ్యలో ఒకటి రెండుసార్లు మోగినా జనాన్ని కంగారు పడొద్దని చెప్పమనీ జుసారా అంది. ఆ మాట కోసమే చూస్తున్నట్టు అతను మడుగు దగ్గరికి పరుగెత్తి మైకు అందుకున్నాడు.

కాసేపటికి మార్లెతి ఫోన్ చేసింది.

"అక్కా, మైకులో చెబుతున్నది నిజమేనా? దిగొచ్చా? సిసీ నా ప్రాణం తీస్తోంది."

"దిగండి. మళ్లీ మోగితే అది నేనే."

చల్లారిపోయిన చీజ్ రొట్టె నములుతూ జుసారా సరిచూడటం మొదలుపెట్టింది. ఏ పెట్టెలు పలుకుతున్నాయో పేర్లు చూపించమని అడిగింది. తెర మీద 'మడుగు' ఒక్కటే వచ్చింది. అడిగిన వాక్యంలోనే తప్పుందేమోనని తిరగరాసింది. మళ్లీ మడుగు ఒక్కటే. తప్పుంటే తప్పని చెప్పాలి కదా, ఇదేం మొండి భాష అని విసుక్కుని ఆన్సెల్మోకి ఫోన్ కొట్టింది.

"జాబితా ఎన్నో గడి నుంచి వేశావమ్మాయ్?" అన్నాడు పెద్దాయన.

"సున్నా నుంచి."

ఆయన పకపకా నవ్వాడు. "కొత్తగా వచ్చినవాళ్లంతా చేసేదేలే. ఇక్కడ లెక్క ఒకటి నుంచి. సున్నాలో పెడితే ఉంటుంది గానీ, దాన్నెవరూ పలకరించరు. తప్పని కూడా చెప్పదు."

జుసారాకి సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. సున్నాని ఒకటి చేసింది, ఒకటిని రెండు చేసింది. ప్రోగ్రాం మళ్లీ నడిపింది. తెర మీద రెండు పేర్లూ వచ్చాయి.

వెంటనే కిటికీలోంచి సైరన్ కూత వినిపించింది. అమ్మయ్య, పనిచేస్తోంది అనుకుంది. ఆ తర్వాత గుర్తొచ్చింది, సైరన్ని మోగమని తనింకా అడగనేలేదు. ఊట పేరు పక్కన అంకె ఎర్రగీత దాటి చాలా పైకి పోయింది. ఎప్పుడు దాటిందో ఏమో, ఇంతసేపూ దాన్ని అడిగినవాళ్లు లేరు.

చెల్లెలికి ఫోన్ చేసింది. అటు సైరన్ మోత, పిల్లల కేరింతలు. జుసారా నోరు తెరిచేలోపే మార్లెతి అందుకుంది.

"వినిపిస్తోందక్కా, బ్రహ్మాండంగా మోగుతోంది. సిసీ నన్ను నీళ్లలోకి లాగేస్తోంది, ఫోన్ సంచిలో పెట్టేస్తున్నా. నువ్వేం బెంగపడకు, నువ్వు చెప్పినట్టే ఇక్కడ ఒక్కరూ కదల్లేదు."