కోసిన మూల

"ఈ కాగితంలో అంతా వివరంగా రాశానండీ, ఒకసారి చూసుకోండి," అంది రసజ్ఞ.

నర్సయ్య చూడలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"నోటితోటి చెప్పు బిడ్డా. పని మీదున్నప్పుడు కాగితాలు ఏడ చూస్త?"

రసజ్ఞకు ఒళ్ళు మండింది. కొత్తగూడ చౌరస్తాలో పెళ్ళి కార్డులు అచ్చేసే మనిషికి ఇంత పొగరా అనుకుంది. కానీ ఆ పొగరు భరించక తప్పదు. సిటీలో మూడు పెద్ద ప్రెస్సులు ఆమె పనిని పాడుచేసి పంపాయి. రేపటిలోగా ఒక్క షీటైనా పనిచేయకపోతే రెండేళ్ళ ప్రయోగం మూసేస్తానన్నాడు మేనేజరు విశ్వేశ్వరరావు. "సోమవారం నుంచి నువ్వూ అందరితో కూర్చుని కంప్యూటర్లలో రెండు వేల సంవత్సరం తేదీలు సరిచేసుకో తల్లీ," అని కూడా అన్నాడు. సైబర్ టవర్స్‌లో అప్పుడు ఎవర్ని కదిపినా అదే పని.

"ఇది జ్ఞాపకం ఉంచుకునే ప్లాస్టిక్ షీటండీ," అని మొదలుపెట్టింది. "కంప్యూటర్ చిప్పు చెయ్యాలంటే కోట్ల ఫ్యాక్టరీ కావాలి. ఇది మీ పెళ్ళి కార్డులాగే అచ్చేయొచ్చు. ముందు వెండి సిరాతో నిలువు గీతలు, పైన ఈ ద్రావణం పూత, దాని మీద అడ్డగీతలు. గీతలు కలిసిన ప్రతిచోటా ఒక గుర్తు నిలుస్తుంది."

"కరెంటు పోయినా యాది మరువదా?"

"మరవకూడదు."

"మంచిదే. మా దిక్కు రోజూ పోతది."

గీతలూ వాటి పక్కన పేర్లూ ఉన్న, ఆమె తెచ్చిన రెండు ఫిలింలూ తీసుకుని నర్సయ్య అంచుల వెంట వేలు నడిపాడు. "కోసిన మూల ఎటుండాలె?"

"రెండింటికీ ఎడమవైపు, పైన. మరి ప్రూఫు చూడరా?"

"లగ్గం పత్రికలైతే మా బిడ్డ అఖిల చూస్తది. నా పని అచ్చు దించుడే."

ఫిలింల మీది గీతలను రెండు జాలీ ఫ్రేములకు ఎక్కించాడు. మొదటిదాని మీద సిరా పోసి, రెండు చేతులతో రబ్బరు పలక పట్టి, ఊపిరి బిగించి, ఒక్క లాగు లాగాడు. వెంట్రుకంత గీతలు, ఎక్కడా తెగలేదు, అలుక్కుపోలేదు. పూత ఆరాక రెండో ఫ్రేమును మూలగుర్తుల మీద కూర్చోబెట్టిన తీరు చూసి రసజ్ఞ కోపం మరిచిపోయింది. ఇలాంటి చెయ్యి తమ ల్యాబులో ఒక్కరికీ లేదు.

మర్నాడు నర్సయ్యే షీట్లు పట్టుకుని మాదాపూర్‌లోని ల్యాబుకు వచ్చాడు. రసజ్ఞ పదహారు గుర్తులు ఎక్కించి బ్యాటరీ పీకేసింది. అందరూ భోజనానికి వెళ్ళొచ్చారు. బ్యాటరీ మళ్ళీ తగిలించింది.

పదహారూ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

విశ్వేశ్వరరావు చప్పట్లు కొట్టాడు. "ఇంకో ఏడాది తీసుకో తల్లీ! ఈయన చెయ్యి మాత్రం వదలకు," అన్నాడు.

పాడైన షీట్లను ఈ షీటు పక్కన పెట్టి చూసిన రసజ్ఞకు అప్పుడు తెలిసింది తప్పెక్కడుందో. షీటును వెనకనుంచి చదవాలి కాబట్టి కింది ఫిలిం మీద అక్షరాలు కావాలనే తిరగేసి పెట్టింది తను. మూడు ప్రెస్సుల వాళ్ళూ, మూల తప్పుగా కోశారనుకుని, అక్షరాలు సరిగ్గా కనిపించేలా ఫిలిం తిప్పేశారు. కింది గీతలు అవతలి పక్కకి పోయాయి, పైవాటితో కలవనే లేదు.

"అందరూ నా అక్షరాలు సరిదిద్దారండీ! మీరొక్కరే ముట్టుకోలేదు. అవి తిరగబడి ఉంటే మీ చెయ్యి ఎలా ఊరుకుంది?"

"కోసిన మూల ఎడమకన్నవ్. ఎడమకే వెట్టిన."

ఆమెకు కళ్ళు చెమర్చాయి. ఎంత నిగ్రహం! నిన్న ఈ మనిషిని పొగరుబోతు అనుకున్నందుకు సిగ్గుపడింది. రిజిస్టరు తెచ్చి ఆయన ముందు తెరిచింది.

"మొదటి షీటు చేసింది మీరు. ఇక్కడ మీ పేరు రాసి సంతకం పెట్టండి," అంటూ పెన్ను అందించింది.

నర్సయ్య పెన్ను అందుకోలేదు. బల్ల మీది స్టాంపు ప్యాడును దగ్గరికి జరుపుకున్నాడు.

ఎడమ బొటనవేలు దానికి అద్దాడు.