ఆగిపోయే బండి

"పప్పు మాడింది," అంది నాగలత కుక్కర్ మూత తీసి.

"విజిల్ రాలేదు. వస్తే కట్టేయనా?" అన్నాడు మురళీకృష్ణ.

"పక్కనే కూర్చుని పేపరు చదువుతున్నారు కదండీ!"

"రాలేదంటే నమ్మవేం? రబ్బరు పోయుంటుంది. మార్చు."

"కొత్తది వేసి నెల కాలేదు. మీ చెయ్యి తగిలితే చాలు, ఇంట్లో ప్రతి వస్తువుకూ ఏదో ఒక రోగం," అని గొణుక్కుంది.

ఆయన పలకలేదు. కోపం వస్తే అంతే, పలకడు. పేపరు మడిచి వాకిట్లో ఉన్న బండి దగ్గరకు వెళ్ళిపోయాడు.

నాగలత మాడిన గిన్నెలో నీళ్ళు పోసింది. అసలు ఆమె దిగులు పప్పు గురించి కాదు. ఆ బండి గురించి.

పెళ్ళికి ముందు కొన్న మోటార్ సైకిల్ అది. తిరువూరు మెయిన్ రోడ్డులో రంగుల షాపు నడిపే మురళీకృష్ణ దాన్ని ఇంతవరకూ ఏ మెకానిక్ చేతికీ ఇవ్వలేదు. అన్నీ తనే. యాక్సిలేటర్ వదిలేసినా ఇంజిన్ ఆగకుండా నిదానంగా కొట్టుకుంటూ ఉండాలి. దాన్ని ఐడ్లింగ్ అంటాడు. కార్బొరేటర్ స్క్రూ కాస్త అటూ ఇటూ తిప్పి, చప్పుడు వింటూనే దాన్ని కుదిర్చేవాడు. ఒకప్పుడు తోటి వ్యాపారులు కూడా షాపు ముందు బళ్ళు ఆపి, "చెప్పు మురళీ, దీనికేమొచ్చింది?" అని అడిగేవాళ్ళు.

అలాంటి బండి, ఎండలు మొదలైనప్పటి నుంచి ఉన్నట్టుండి ఆగిపోతోంది.

మొదటిసారి విస్సన్నపేట రోడ్డు మీద. రక్తం కారుతున్న కాలితో ఇంటికొచ్చాడు.

"యాక్సిలేటర్ వదలగానే చచ్చింది. కిక్ కొడితే రాడ్డు తిరగబడింది," అన్నాడు. నాగలత పసుపు అద్దుతుంటే, మిగతాది మెల్లగా చెప్పాడు. "వెనక లారీ. వెంట్రుకవాసిలో తప్పింది. వెధవ, హారన్ కూడా కొట్టలేదు."

ఆ రోజు నుంచి ఆయన షాపు కట్టేసి రావడం కాస్త ఆలస్యమైతే చాలు, నాగలత గేటు పట్టుకుని నిలబడుతోంది.

ఆయన కార్బొరేటర్ ఊడదీశాడు. ఆమె స్టీలు పళ్ళెంలోనే సామానంతా పరిచాడు. పెట్రోలుతో కడిగాడు. పెట్రోలు వచ్చే జెట్టు కన్నంలోకి ఊది, వెలుతురుకు పట్టి చూశాడు. ఎక్కడా నలక లేదు. ప్లగ్గు మార్చాడు. అయినా బండి మళ్ళీ ఆగిపోయిందన్నాడు.

దాంతో ఐడ్లింగ్ పెంచాడు. చాల్లేదని ఇంకా పెంచాడు.

ఎదురింటి సరోజినీదేవి తలుపు తీసుకుని వచ్చింది. "ఏంటి మురళీ గారూ, పొద్దున్నే ఈ మోత? మనవరాలు ఉలిక్కిపడి లేచింది!"

ఆయన చెయ్యి ఊపాడు. "ఇప్పుడు కుదిరిందండీ!"

ఆ పూటే గేరు వేయగానే బండి ముందుకు ఎగిరి దూకింది. గేటు రేకు లోపలికి సొట్టపోయింది. అంతకు ఒక్క క్షణం ముందు అక్కడ నిలబడి చున్నీ సర్దుకున్నది గీతాంజలి, వాళ్ళ ఒక్కగానొక్క కూతురు.

నాగలత కూతుర్ని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది.

గీతాంజలికి విస్సన్నపేటలో కొత్తగా ఉద్యోగం వచ్చింది. షేర్ ఆటోలో వెళ్ళొస్తోంది. "ఆటోలో ఇరుక్కుని పోవడం ఏంటి? సోమవారం నుంచి నేనే దింపుతా," అని తండ్రి పట్టు.

"మలుపులో బండి ఆగిపోతే?" అంది నాగలత.

"అందుకేగా బాగుచేస్తున్నా."

"ఎవరైనా మెకానిక్‌కి చూపించండి."

"మెకానిక్కా? నా బండికా?"

ఈరోజు ఆదివారం.

"నాన్న వెనక కూర్చోవాలంటే భయంగా ఉందమ్మా," అంది గీతాంజలి, కొబ్బరి తురుముతూ. "వద్దంటే చిన్నబుచ్చుకుంటారు."

నాగలత తురుము అందుకుంది. పచ్చడికని మిక్సీ వేసింది. మిక్సీ ఆపినప్పుడల్లా వాకిట్లోంచి కిక్ కొడుతున్న చప్పుడు. ఆ చప్పుడు వింటుంటే సొట్టపోయిన గేటు రేకు కళ్ళ ముందు మెదులుతోంది. అక్కడ కూతురు. ఆ వెనక లారీ.

వెనక గదిలో కూలర్ వేసి కంచాలు పెడుతుంటే మురళీకృష్ణ లోపలికి వచ్చాడు. చేతులు నల్లగా ఉన్నాయి. ముఖం వాడిపోయి ఉంది.

"స్క్రూ మళ్ళీ తగ్గించి చూశాను. రెండడుగులు వెనక్కి వేశానో లేదో, ఆగిపోయింది," అన్నాడు. "ఇక నావల్ల కాదు."

భోజనాలకు కూర్చున్నారు. కూలర్ హోరుమంటోంది. ఆయన పచ్చడి కలిపిన ముద్దను కంచంలోనే అటూ ఇటూ జరిపాడు. ఆయన కళ్ళలో నీళ్ళు చూసి నాగలత తల దించుకుంది.

"బండి అమ్మేస్తున్నా," అన్నాడు చివరికి. "ఈ వారంలోనే కొత్తది తెస్తా. అందాకా అమ్మాయి ఆటోలో వెళ్తుంది. తర్వాత రోజూ నేనే దింపుతా. కొత్త బండైతే ఇక ఎవరికీ ఏ భయమూ ఉండదు."

నాగలత కళ్ళు మూసుకుంది. ఎన్నాళ్ళకో గుండెల మీంచి బండరాయి దిగినట్టయింది. నెమలి ఊళ్ళోని వేణుగోపాలస్వామికి మనసులోనే దణ్ణం పెట్టుకుంది. గీతాంజలి నవ్వుతూ తండ్రి కంచంలో నెయ్యి వడ్డించింది.

అంతలో కరెంటు పోయింది. కూలర్ రెక్కలు తిరిగి తిరిగి ఆగాయి.

"అబ్బ, ఇల్లంతా ఎంత నిశ్శబ్దమైపోయిందో," అన్నాడు మురళీకృష్ణ.

తల్లీకూతుళ్ళు ముద్ద చేతిలోనే ఆపి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, ఎందుకంటే వాకిట్లో బండి టుకు టుకుమంటూ, ఒక్క దెబ్బ తప్పకుండా, నిదానంగా కొట్టుకుంటూనే ఉంది.