గుమ్మడికాయలో ఏముంది?

ఏటా దొడ్లో గుమ్మడికాయ పండిన రోజు, తల్లికోళ్లనీ కోడిపిల్లల్నీ కూర్చోబెట్టి దాని కథ చెప్పేది ముసలి బాతు. మతిమరుపు ఎక్కువైందని ఈసారి కోళ్లు ఆ పని గోరింకకు అప్పగించాయి. బాతుకు కడుపు మండిపోయింది. గోరింక ఎక్కడో ఒకచోట తప్పు చెబుతుందిలే అనుకుంటూ వెనకాల కూర్చుంది.

గోరింక పొల్లు పోకుండా చెప్పింది. పిల్లలు కిక్కురుమనలేదు. బాతు మరింత ఉడికిపోయింది.

కథ అయ్యాక ఓ బుల్లి కోడిపిల్ల బాతు రెక్క లాగింది.

“అవ్వా, ఇప్పుడు నువ్వు చెప్పు.”

“నాకు మధ్యలో గుర్తుండదే తల్లీ.”

“అక్కడ మేమే కదా చెప్పేది. ఈ అత్త అంతా తనే చెప్పేసుకుంది.”

బాతు గోరింక వైపు ఓరగా చూస్తూ గుమ్మడికాయ ఎక్కింది.

“ఇంతకీ దీని కడుపులో ఏముందర్రా?” అంది, గుర్తున్నా సరే.