రెండో అదురు

నందికొట్కూరులో బట్టల అంగడి నడిపే శివప్రసాద్ ఇంటి గుమ్మంలోకి ఆదెన్న ఒక పొద్దున వచ్చి నిలబడ్డాడు.

ఎమ్మిగనూరు నుంచి వచ్చి, గోడకు అవతల గదిలో కొత్తగా అద్దెకు దిగిన ముసలాయన. ముతక పంచె, మాసిన తువ్వాలు. పలకరిస్తే ఒకసారి పలుకుతాడు, ఒకసారి విననట్టే పోతాడు. ఈ మొహానికి పొగరొకటా అని శివప్రసాద్‌కు మంట.

“మీ పాటల పెట్టెలో తేడా ఉండాది శెట్టీ. ముందు ఒకటే అదురు. ఇప్పుడు దాని వెనకాల సన్నగా ఇంకోటి వస్తాంది. చూపించుకో.”

శివప్రసాద్ నవ్వాడు. సబ్‌వూఫర్ అన్నాక సన్నగా గుయ్‌మంటుంది, పాటకు ఊగుతుంది, అదంతా మామూలేనని బిగించినవాళ్లే చెప్పి పోయారు. ఇక ఈ పంచె మనిషి చెప్పాలా?

రిమోట్ కోసం అటు తిరిగి అన్నాడు. “ఊరకనే పాటలు వింటాండేది గాక, వంకలు గూడానా? ఫో.”

ఇటు తిరిగితే మనిషి అక్కడే ఉన్నాడు. మొహంలో ఏ మార్పూ లేదు. సిగ్గయినా లేదనుకొని శివప్రసాద్ తలుపేశాడు.

ఆ వారంలోనే పెట్టె లోపల వదులైన వైరు రాసుకొని అంటుకుంది. ఆ గదిలోనే మంచం దిగలేని తల్లి కన్యకమ్మ ఉంది. భార్య పెరట్లో బట్టలు ఉతుకుతోంది.

కబురందుకొని అంగడి నుంచి పరుగున వచ్చిన శివప్రసాద్, పక్కింటాయన లోపలికి దూరాడని వినగానే ముందు బీరువా తాళం చూసుకున్నాడు.

అప్పుడు తల్లి చెప్పింది. కాలుతున్న పరదా చేతులతో లాగేసి, తనను ఎత్తుకొని బయటపెట్టింది ఆయనేనట.

శివప్రసాద్‌కు అవతలి గుమ్మం ఎక్కడానికి మొహం చెల్లలేదు. ఆదివారం పండ్లు తీసుకొని పోతే గదికి తాళం ఉంది. చేతులు బొబ్బలెక్కితే కూతురు వచ్చి తీసుకుపోయిందని ఇంటి యజమాని హనుమన్న చెప్పాడు.

“నేను శానా మాటలన్న్యాను. దానికి కోపమొచ్చిందా ఏమన్నా?” అని గొణిగాడు శివప్రసాద్.

“యాడ కోపమప్పా? వయసులో ఉన్నప్పుడే జ్వరమొచ్చి ఆయప్పకు చెవులు పోయినాయి. ఎదురుగా పెదాలు చూస్తేనే మాట తెలుస్తాది,” అన్నాడు హనుమన్న. “ఇంకా మంచి గది ఉండాదంటే గూడా వద్దని, మీ గోడకు చెయ్యానించి చూసి, ఇన్నేండ్లకు మళ్లా పాట దొరికిందని ఇదే తీసుకున్న్యాడు.”