మూడు నెలల సగటు

“ఆరువేల అడుగులే అయ్యాయి. ఇంకో రెండు రౌండ్లు కొట్టండి,” మొగుడి మణికట్టు పట్టుకుని వాచీలో అంకె చూసి, మళ్లీ బెంచీ మీద కూలబడింది టీచరమ్మ.

టైలరు ఆ అడుగుల వాచీని తిట్టుకుంటూ పార్కు చుట్టూ బయల్దేరాడు. రోజంతా మిషను ముందు కూర్చునే మనిషి. పుట్టి బుద్ధెరిగాక ఇంత నడక నడిచింది లేదు.

ఆ ఇంట్లో షుగరు బయటపడిన రోజు నుంచే ఆయనకు జైలు మొదలైంది. డాక్టరు ఒక పుస్తకం ఇచ్చాడు. తిండి, నడక, నిద్ర, పొద్దున్నే వేలికి గుచ్చి చూసిన షుగరు, అన్నీ అందులో రాయాలి.

“మూడు నెలల సగటు ఏడుకు దిగకపోతే ఇన్సులిన్ ఇంజెక్షన్లే,” అని కూడా అన్నాడు.

ముప్పై ఏళ్లుగా పిల్లల రికార్డులు దిద్దిన చెయ్యి టీచరమ్మది. పుస్తకంలో ఒక్క తప్పుడు అంకె పడనివ్వకూడదని పంతం పట్టింది. మొగుడి పళ్లాన్ని త్రాసు మీద పెట్టేది. ఎక్కువైంది తీసేసేది. పారేయడానికి ప్రాణం ఒప్పక అది తనే తినేసేది. పొద్దున్నే సూది పట్టుకుని తయారు. గుచ్చేటప్పుడు మాత్రం మొహం అటు తిప్పుకునేది.

“అబ్బా! ఏం ఖర్మే నాకిది?”

“రోజంతా సూదితోనేగా మీ పని! ఈ మాత్రానికే?”

మూడు నెలల్లో ఆయన తన ప్యాంట్లు రెండుసార్లు బిగించి కుట్టుకున్నాడు. ఆవిడ బట్టలకు కుట్లు విప్పి వదులు చేశాడు.

షాపుకు ఎదురుగా బేకరీ. ఓరోజు ఉండబట్టలేక రోడ్డు దాటాడు. బేకరీవాడు రెండు చేతులూ జోడించాడు.

“మీకు అమ్మొద్దని మేడమ్ చెప్పి వెళ్లారండీ. మా పిల్లలిద్దరూ ఆవిడ క్లాసులోనే ఉన్నారు, నా పొట్ట కొట్టకండి.”

టైలరుకు నిజంగానే ఏడుపొచ్చింది. ఎటు తిరిగినా గోడే. ఇంటికెళ్లి తేల్చి చెప్పేశాడు.

“ఇక నావల్ల కాదే. చంపినా నడవను.”

టీచరమ్మ కళ్లు చెమర్చాయి.

“ఇంజెక్షన్లు మొదలైతే జీవితాంతం తప్పవటండీ. ఇంకో పదిరోజులు ఓర్చుకోండి.”

ఆ కళ్లలో నీళ్లు చూశాక ఆయన మెత్తబడ్డాడు. మర్నాడు పొద్దున్నే వేలు చాపాడు.

గడువు రోజు రానే వచ్చింది. ఇద్దరూ క్లినిక్‌కు వెళ్లారు. డాక్టరు పుస్తకం తిరగేసి ముక్కున వేలేసుకున్నాడు.

“శభాష్! ఒక్కపూట కూడా తప్పలేదే! ఇన్నేళ్లలో ఇలాంటి పుస్తకం నేను చూళ్లేదు.”

టీచరమ్మ మొహం చాటంతైంది.

“ఇక రక్తం తీయిద్దాం. మూడు నెలల సంగతీ అదే చెప్పేస్తుంది,” అన్నాడు డాక్టరు.

ఆ మొహం పాలిపోయింది. బల్ల కింద నుంచి మొగుణ్ణి మోచేత్తో పొడిచింది. ఆయన అలవాటు కొద్దీ చొక్కా చెయ్యి మడిచి ముందుకు చాపాడు.

సిరంజితో వచ్చిన నర్సు ఆ చేతిని మెల్లగా పక్కకు జరిపి, “మీరు లేవండి సార్, షుగరున్నది అమ్మగారికి కదా!” అంది.