ఒవిలా వద్దన్న బండి

“అది కొనకండి.”

ఒడీల్ వెనక్కి తిరిగి చూసింది. గళ్ళ కోటు వేసుకున్న ముసలాయన, టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

గంట నుంచీ ఆమె, భర్త రొజేర్ ఆ దుకాణంలో బండ్ల చుట్టూ తిరుగుతున్నారు. మార్చి వచ్చేసింది. రేపో మాపో మేపుల్ చెట్లు నీరు విడుస్తాయి. కొండ మీది ఆ తీపి నీటిని కింద పాకం కాచే పాకకు చేర్చాలంటే మంచులోనూ బురదలోనూ నడిచే మోటారు బండి కావాలి. పోయినేడు బకెట్లు మోసి మోసి ఇద్దరికీ నడుములు పడిపోయాయి.

రొజేర్ మనసు ఎర్రబండి మీద పడింది. నాలుగు లావుపాటి చక్రాలు, వెనక పెద్ద ట్యాంకు పెట్టుకునే చోటు.

“మరేది కొనమంటారు?” అన్నాడు నవ్వుతూ.

ముసలాయన మూలనున్న చిన్న బండిని చూపించాడు. చక్రాల బదులు రబ్బరు పట్టాలు. కూర్చోవడానికి సీటే లేదు. వెనక నడుస్తూ తోలాలి.

“దీని వెనక నడిచే బదులు గాడిదను కొనుక్కుంటా. అదైతే నా కబుర్లన్నా వింటుంది.”

అమ్మేవాడు పగలబడి నవ్వాడు. ముసలాయన నవ్వలేదు.

“మీ అడవి ఎక్కడ?”

“చర్చి వెనక కొండ. సెలయేటి పక్కది.”

ఆయన ముఖంలో రంగు పోయింది.

“అయితే అసలే వద్దు బాబూ. అక్కడ దిగుడులో ఒక మలుపుంది. సగం నిండిన ట్యాంకులో నీళ్ళు ఊరుకోవు. బండి ఇటు తిరిగితే అవి అటు దొర్లుతాయి.”

“పెద్దాయనా, ఇరవయ్యేళ్ళు సముద్రం మీద పడవ నడిపాను. నాకు నీళ్ళ సంగతి చెప్తారా?”

“మీకెలా తెలుసు ఆ మలుపు?” అడిగింది ఒడీల్.

ఆయన టోపీ పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు.

“పట్టించుకోకండి. వారం వారం వస్తాడు. ఎవరు ఏ బండి ముట్టుకున్నా ఎక్కడికని ఆరా తీస్తాడు.” అమ్మేవాడు కణత మీద వేలితో తట్టి చూపించాడు.

ఎర్రబండే కొన్నారు.

చెట్లు నీరు విడవడం మొదలైన మూడో రోజున ముసలాయన అడవిలో కనిపించాడు. మలుపు దగ్గర మంచులో కర్రలు పాతి, వాటికి ఎర్రగుడ్డలు కడుతున్నాడు.

“ఇక్కడ దిగి, తాడు కట్టి, మెల్లగా వదలండి బాబూ. మీకు దండం పెడతాను.”

రొజేర్ కర్రలన్నీ పీకి అవతల పారేశాడు.

ఒడీల్‌కీ ఒళ్ళు మండింది. “ఈ ఊరికి కొత్తవాళ్ళమని ఆడిస్తున్నారా? ఇంకోసారి మా అడవిలో అడుగు పెట్టారంటే పోలీసులను పిలుస్తాను!”

ఆయన తలూపాడు. చేతులకంటిన మంచు దులుపుకుని కొండ దిగిపోయాడు.

ఏప్రిల్ మొదటివారంలో ఎండ బాగా కాసింది. మంచు కరగసాగింది. ఆ మధ్యాహ్నం ఒడీల్ పొయ్యిలో కట్టెలు ఎగదోస్తుంటే కొండ మీద ఇంజను పెద్దగా అరిచింది. ఆ తరవాత చప్పుడు లేదు.

పరిగెత్తింది.

మలుపు దగ్గర ఎర్రబండి తిరగబడి ఉంది. దాని కింద నడుము దాకా రొజేర్. తీపి నీరంతా మంచులో ఇంకిపోతోంది.

అప్పటికే ముసలాయన అక్కడున్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని ఉత్త చేతులతో మంచు తవ్వుతున్నాడు. వేళ్ళు రక్తమోడుతున్నాయి.

“అడవిలోకి రావద్దన్నావు కదమ్మా, రోజూ కింద రోడ్డు మీదే ఉంటున్నాను,” అన్నాడు రొప్పుతూ. అంతలోనే బండి కమ్మీ కింద భుజం పెట్టాడు. “నేనెత్తుతా. నువ్వు లాగు.”

“మీవల్ల కాదు తాతా!”

“లాగమ్మా!”

ఎక్కడిది ఆ బలమో, బండి జానెడు లేచింది. ఆమె లాగేసింది.

అంబులెన్సు వచ్చింది. ఆ హడావుడిలో ఆయన పేరైనా అడగలేదు.

రొజేర్ బతికాడు. తుంటి మాత్రం ఇక సరిగ్గా అతకదన్నారు. మూడు వారాలు ఆస్పత్రిలోనే గడిచాయి. తిరిగొచ్చిన మర్నాడే ఒడీల్ ఆ యేటి పాకం మంచిది ఒక డబ్బా నింపుకుని, అడుగుతూ అడుగుతూ ఆయన ఇల్లు పట్టుకుంది.

నల్లబట్టల్లో ఒక ముసలావిడ తలుపు తీసింది. పేరు ఆల్మా.

“మా ఆయన ఒవిలా మొన్న ఆదివారం పోయాడమ్మా. ఏదో బరువెత్తాడట. ఆ రోజు నుంచీ గుండెల్లో నొప్పి. డాక్టరు దగ్గరికి పదమంటే, ఒక పిల్లాడు బతికాడు చాలులే అన్నాడు.”

ఒడీల్ గుమ్మంలోనే కూలబడింది.

“ఆయన్ను తరిమేశానమ్మా. పిచ్చివాడని నవ్వుకున్నాం. ఆ దుకాణంలో బండ్లు అమ్మే అతను కూడా...”

“అతనికేం తెలుసు, నిన్నగాక మొన్న చేరాడు.” ఆల్మా ఆమెను లేవదీసి లోపల కూర్చోబెట్టింది. “ముప్పయ్యేళ్ళు ఆ దుకాణం మా ఆయనదే. ఒకరోజు తాళాలు వేరేవాళ్ళ చేతిలో పెట్టేసి వచ్చాడు. ఎందుకని ఎవరడిగినా చెప్పలేదు.”

“ఎందుకు?”

ఆల్మా పాకం డబ్బా అందుకుని బల్ల మీద పెట్టింది.

“అలాంటి ఎర్రబండి ఈ ఊళ్ళో మొదట అమ్మింది ఆయనే. కొనుక్కున్నది మా అమ్మాయి, ఆ కొండ మీది అడవి అప్పుడు దానిదే.”