పద్దెనిమిది నిండిన రోజు

పద్దెనిమిదేళ్లు నిండడమంటే ఏమిటి? ఆ లెక్క కాగితానిదా, మనిషిదా? ఎస్నా ఊరి పడవల రేవులో, తన సిగరెట్ల బడ్డీలో కూర్చుని సనియ్యా తనను తానే ప్రశ్నించుకుంటోంది.

ఎదురుగా కొడుకు షాజ్లీ గుర్తింపు కార్డును బల్ల మీద పెట్టి నిలబడ్డాడు.

"చూసుకో. ఇవాళ్టితో పద్దెనిమిది. మొదటి సిగరెట్ పెట్టె నీ చేత్తోనే ఇస్తానన్నావు."

"అన్నాను."

"మరి ఇవ్వు."

చిన్నవాళ్లకు పొగాకు అమ్మరాదన్న బోర్డు రేవులో ప్రతి బడ్డీకీ ఉంది. దాన్ని పాటించేది సనియ్యా ఒక్కతే. మీసాలొచ్చినవాళ్లను సైతం కార్డు అడుగుతుంది.

ఆమె కార్డు అందుకుంది. ఫోటో వంక చూడలేదు. తడి కళ్లతో పుట్టిన తేదీని బొటనవేలితో మెల్లగా నిమిరింది.

"మళ్లీ ఏడుపా?" షాజ్లీ విసుక్కున్నాడు. "ప్రతి పుట్టినరోజుకీ ఇదే వరస. నీ బిడ్డ ఎప్పటికీ ఉయ్యాల్లోనే ఉండిపోవాలి నీకు!"

ఆమె ఉలిక్కిపడింది.

సిగరెట్ కోసం వచ్చిన పడవవాడు అబూదైఫ్ పకపకా నవ్వాడు. "ఇచ్చెయ్యవమ్మా, షాజ్లీ తల్లీ! సర్కారే ఒప్పుకున్నాక నీ బెట్టేమిటి? రేపు పెళ్లికూతురు కూడా నీకు కార్డు చూపించాలా ఏం?"

షాజ్లీ తల్లి. ఊరంతా ఆమెను పిలిచే పిలుపు అదే. అది చెవినపడ్డ ప్రతిసారీ ఆమె లోపల ఎవరో పలికినట్టుంటుంది.

అబూదైఫ్ వెళ్లేదాకా ఆగింది. "నీకింకా వయసు రాలేదు నాయనా."

"లెక్కలు మర్చిపోయావా? నాన్న పనిమానుకుని, నది దాటి సర్కారు ఆఫీసుకెళ్లి రాయించిన పుట్టిన తేదీ అది. అబద్ధమా?"

"నిజమే. మీ నాన్న ఒక్కసారే దాటాడు."

"ఎన్నిసార్లు దాటాలేంటి? నువ్వే అబద్ధాలకోరువి!"

చట్టాన్ని అడిగితే ఇవ్వవచ్చంటుంది. ఇచ్చేస్తే ఇక ఎవరూ ఏమీ అడగరు. ఇవ్వకపోతే కారణం చెప్పాలి. చెబితే, ఇన్నేళ్లుగా ఆ కాగితంలో తాను బతికించుకున్నది చేజారిపోతుంది. పెట్టె దాకా వెళ్లిన చెయ్యి అక్కడే ఆగింది.

చెప్పేయాలనుకుంది. మనసు మారకముందే బడ్డీ తలుపు దించి, బయటికొచ్చి, కొడుకు రెండు చేతులూ పట్టుకుంది.

"ఆ పేరూ, ఆ తేదీ నువ్వు పుట్టకముందే పోయిన మీ అన్నవి."